గాలి కరెంటు ఫ్యాన్ల (గాలిమరల) సౌండు మీద ఇంజినీరింగ్ పిల్లలకి మూడు రోజుల వర్క్‌షాప్ (అనంతపురం): డబ్బులకి తగ్గట్టు ఉందా?

ముందే చెప్పేస్తా, 5కి 3.5. అది కూడా రాత్రి సెషన్ కలిపి తీసుకుంటేనే. పగటి ప్యాకేజీ ఒక్కటే తీసుకుంటే 2 కూడా ఎక్కువ. బుక్ చేసుకునే కాలేజీ వాళ్ళు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతాది ఓపికుంటే చదవండి, నాకు కాస్త ఎక్కువ రాసే అలవాటు.

నేను అనంతపురంలో ఒక ప్రైవేట్ ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ చెప్తా. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో నాయిస్ పొల్యూషన్ అని ఒక చాప్టర్ ఉంటాది కదా, పిల్లోళ్ళు ఆ టేబుల్ బట్టీ కొట్టి రాసేస్తారు, 2000 సంవత్సరం రూల్స్, ఇళ్ళ దగ్గర పగలు 55 రాత్రి 45, సైలెన్స్ జోన్‌లో 50, 40, పగలంటే పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా, అయిపోయె, మార్కులు వచ్చేస్తాయి. 45 డెసిబెల్ అంటే చెవికి ఎట్లుంటాదో మాత్రం ఒక్కరికీ తెలీదు. నిజం చెప్పాలంటే నాకూ తెలీదు. ఇంకో పక్క చూస్తే మన చుట్టూ ఫ్యాన్లే, రామగిరి కొండల మీద 90లలో పెట్టిన చిన్నవాటి కాడ్నుంచి ఇప్పుడు ఉరవకొండ, బెళుగుప్ప, వజ్రకరూరు పక్క నిలబడిన పెద్దవాటి దాకా. మా దగ్గర పాసైన పిల్లోళ్ళు చాలామంది ఆ సైట్లలోనే మెయింటెనెన్స్‌లో చేరతారు. ఊర్లోంచి ఎవరన్నా వచ్చి "రాత్రిళ్ళు నిద్ర పట్టడంలేదప్పా" అంటే వీళ్ళు ఏం చెప్తారు? ఆఫీసుకు ఫోన్ చేస్తారు, ఆఫీసు వాళ్ళు రూల్ ప్రకారమే ఉంది అంటారు, అంతే. అందుకే ఈ వర్క్‌షాప్ గురించి వినగానే 38 మందిని తీసుకుపోయినా.

పెట్టినవాళ్ళ పేరు రాయను, ఎందుకంటే కింద తిట్లు కూడా ఉన్నాయి, వాళ్ళు చెడ్డోళ్ళు కాదు, మళ్ళీ పిలిస్తే పోతా కూడా. తలకి 1,400, బస్సు, మధ్యాహ్నం భోజనం అందులోనే. రాత్రి ఊర్లో ఉండే సెషన్‌కి ఇంకో 300. ఈ 300 విడిగా పెట్టడమే వాళ్ళు చేసిన పెద్ద తప్పు అని నా అభిప్రాయం, ఎందుకో చెప్తా.

మొదటి రోజు మొత్తం క్లాస్‌రూమ్. పొద్దున సెషన్ నిద్రొచ్చింది, దాపరికం ఎందుకు. స్లైడ్లన్నీ ఇంగ్లీషు, ఫోటోల్లో పచ్చ గడ్డి, ఆవులు, ఎర్ర పెంకుల ఇళ్ళు, మన బండరాళ్ళ కొండలు ఒక్కటి లేదు, మిద్దె మీద మంచం వేసుకుని పడుకునేవాళ్ళ గురించి ఒక్క మాట లేదు. కిటికీ మూస్తే సౌండు ఇంత తగ్గుతుంది అని ఒక గ్రాఫ్ చూపిస్తా ఉంటే వెనక బెంచీలో ఒకడు "సార్ ఎండాకాలం మా ఊర్లో కిటికీ మూస్తే మనిషే తగ్గిపోతాడు" అన్నాడు, అదొక్కటే ఆ పూటకి కాస్త ఊపిరి.

కానీ టీ అయినాక వచ్చిన సార్ వేరే లెవెల్. టేబుల్ మీద రెండు మిక్సీలు పెట్టినాడు, వంటింటి మిక్సీలే. ఒకటి ఆన్ చేస్తే మీటర్ 80 చుట్టూ చూపించింది. రెండోది కూడా ఆన్ చేస్తే ఎంతొస్తుంది అని అడిగితే సగం క్లాసు 160 అనింది. ఆన్ చేస్తే 83. పిల్లోళ్ళ మొహాలు చూడాల, మీటర్ పాడైంది అనుకున్నారు. లాగరిథం అంటే లెక్కల పేపర్లో వచ్చేది అనుకున్నోళ్ళకి అది చెవులతో అర్థమైంది. సమానమైన సౌండు ఇంకోటి తోడైతే 3 పెరుగుతుంది, దూరం రెట్టింపైతే 6 తగ్గుతుంది, 10 పెరిగితే మనిషికి రెట్టింపు మోతలాగా అనిపిస్తుంది. ఈ మూడు ముక్కలతోనే ఆయన మిగతా పూటంతా నడిపినాడు.

ఆ తర్వాత ఇచ్చిన లెక్క చాలా బాగుంది, నేనిప్పుడు నా క్లాసులో కూడా వాడుతున్నా. ఒక ఫ్యాన్ సౌండ్ పవర్, అంటే మిషన్ పుట్టించే మొత్తం మోత, 105 డెసిబెల్ అనుకోండి. 500 మీటర్ల దూరంలో ఇల్లు. ఎందుకు 500 అంటే 2016లో ఎంఎన్‌ఆర్‌ఈ (కేంద్రంలో రెన్యూవబుల్ ఎనర్జీ శాఖ) ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో సౌండు కోసం ఇళ్ళకి వదలమన్న దూరం అదే. దారిలో గాలి సౌండుని పీల్చుకునేది పక్కన పెట్టి మామూలు ఫార్ములాలో వేస్తే ఇంటి దగ్గర 43 వస్తుంది. రాత్రి లిమిట్ 45, కాబట్టి పాస్, అందరూ పెన్ను కింద పెట్టేసినారు. అప్పుడు ఆయన బోర్డు మీద ఆ ఇంటి చుట్టూ ఇంకో మూడు ఫ్యాన్లు గీసినాడు, అన్నీ సరిగ్గా 500 మీటర్ల దూరంలోనే. నాలుగు అంటే రెండుసార్లు రెట్టింపు, 6 కలిపితే 49. ఒక్కో ఫ్యాన్‌ని విడిగా చూస్తే ఏదీ దూరం రూలు తప్పలేదు, ఇంట్లో మాత్రం లిమిట్ దాటిపోయింది. ఏ ఫ్యాన్ మీద కంప్లైంట్ ఇస్తావ్ అని అడిగితే క్లాసంతా సైలెంట్.

మా క్లాసులో ఒక అమ్మాయి ఉంది, ఎక్కువ మాట్లాడదు. ఆ లెక్క అయినాక నా దగ్గరికి వచ్చి "సార్, మా ఇంటికి ఐదు కనపడతాయి" అనింది. రెండో రోజు మేము పోయేది వాళ్ళ ఊరి పక్కకే అని అప్పుడు తెలిసింది నాకు. మూడేళ్ళుగా చదువు చెప్తున్నా, ఒక్కసారి అడగలేదు.

రెండో రోజు పొద్దున 7కి బస్సు. దారిలో ఉగ్గాని బజ్జి బాగా పెట్టినారు, దానికి ఫుల్ మార్కులు. ఉరవకొండ ఇంకా రాకముందే కొండల వెనక రెక్కలు కనపడడం మొదలైతాయి. సైట్ దగ్గరికి పోతే మొదట పిల్లోళ్ళు అన్నమాట "సార్ ఇంత నిదానంగా తిరుగుతాంది, దీనికి సౌండ్ ఏముంటాది". లెక్క వేయించినారు. రోటర్ (తిరిగే రెక్కల చక్రం) అడ్డకొలత 110 మీటర్లు, నిమిషానికి 13 చుట్లు అనుకుంటే రెక్క కొన గంటకి దాదాపు 270 కిలోమీటర్ల స్పీడులో పోతా ఉంటాది. నిదానం అనేది మన కన్ను చేసే మోసం. సౌండు ఎక్కువగా పుట్టేది కూడా ఆ కొనకి దగ్గర్లోనే, రెక్క వెనక అంచులో గాలి చిరిగే చోట.

ఇక పరికరాల గోల. 38 మందికి మంచి మీటర్ ఒక్కటే, మిగతా నాలుగు చవక రకం. వాటిల్లో రెండిటికి మైక్ మీద పెట్టే స్పాంజి బంతి చినిగిపోయి ఉంది. ఆషాఢం గాలి ఎట్లుంటాదో మన జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ గాలి నేరుగా మైక్‌కి కొడితే మీటర్ 71 చూపించింది, ఒక బ్యాచ్ ఆనందంగా 71 అని రాసేసుకున్నారు, అది ఫ్యాన్ సౌండ్ కాదురా నాయనా, గాలి మైక్‌ని కొట్టిన సౌండ్ అని చెప్పేసరికి పావుగంట. సరి చూసుకోవడానికి 94 డెసిబెల్ ఇచ్చే క్యాలిబ్రేటర్ ఉంటుంది, దాని బ్యాటరీ అయిపోయింది, స్పేర్ లేదు. మూడు రోజులకి ఇంత తీసుకుని తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఒకటి ఎక్స్‌ట్రా తేలేరా? ఫోన్ యాప్‌లు వాడుకోండి అన్నారు మళ్ళీ. ఫోన్ మైక్ మాట వినడానికి తయారుచేసింది, బరువైన కింది శ్రుతి సౌండు దగ్గర దాన్ని నమ్మితే అంతే సంగతులు.

ఒకటి మాత్రం బాగా చూపించినారు. ఐఈసీ 61400-11 అని అంతర్జాతీయ స్టాండర్డ్ ఉంది, ఫ్యాన్ సౌండ్ కొలవడానికి. హబ్ (రెక్కలు కలిసే నడిమి బొడ్డు) ఎత్తుకి రోటర్ అడ్డకొలతలో సగం కలిపినంత దూరంలో, అంటే హబ్ 100 అయితే 155 మీటర్ల దగ్గర, నేల మీద ఒక చెక్క పలక పెట్టి దాని మీద మైక్ పడుకోబెడతారు. మా పిల్లోళ్ళు ఒకరి తర్వాత ఒకరు నేల మీద బోర్లా పడుకుని చూసినారు, శెనక్కాయ చేన్లో కలుపు తీసేవాళ్ళు వీళ్ళని చూసి నవ్వుకుంటా ఉన్నారు, వజ్రాలు గాని ఎతుకుతున్నారేమో అనుకుని ఉంటారు, ఆ పక్క వానొస్తే అదొక సీజన్ కదా. కానీ ట్రైనర్ ఒక మాట అనలేదు, నేను అడిగి చెప్పించుకోవాల్సి వచ్చింది, ఈ టెస్టు మిషన్‌ది, ఇంటిది కాదు. కంపెనీ ఇచ్చే కాగితంలో ఉండే నంబర్ ఈ పలక మీద పుట్టిన నంబర్. ఇంటి దగ్గర ఎంత అనేది ఆ నంబర్ నుంచి లెక్కగట్టేదే, లేదా పోయి కొలవాల.

మధ్యాహ్నం ఊర్లో కొలిస్తే 52, 53 వచ్చింది. అందులో ఫ్యాన్ ఎంత? వేపచెట్టు ఆకుల మోత, ట్రాక్టరు, బడి పిల్లోళ్ళు, మైకులో కూరగాయల బండి, అన్నీ కలిపి 52. పిల్లోళ్ళు రిపోర్టులో "గ్రామంలో ఫ్యాన్ల శబ్దం వినబడుట లేదు" అని రాసేసినారు. పగటి ప్యాకేజీ తీసుకున్న కాలేజీ అక్కడ్నించి బస్సెక్కి ఇంటికి పోతుంది. అదే రాసుకుని పోతుంది. అందుకే 2 కూడా ఎక్కువ అన్నా.

మేము ఉన్నాము. ఆ అమ్మాయి వాళ్ళ అవ్వ ఇంటి మిద్దె మీదనే సగం మందికి పడక. సంగటి, ఊర్బిండి, వంకాయ పులుసు పెట్టినారు, ఆ 300 దానికే సరిపోయింది అనుకోండి. ఎనిమిది దాకా టీవీలు, మోటార్‌సైకిళ్ళు. తొమ్మిదిన్నరకి ఊరు పడుకుంది. కింద గాలి ఆగిపోయింది, వేపాకు కదలడంలేదు, దోమలు మొదలైనాయి. పైన చూస్తే ఎర్ర లైట్లు, ఫ్యాన్లు పొద్దున కంటే గట్టిగా తిరుగుతా ఉన్నాయి.

ఇది చాలామంది ఇంజినీర్లకి కూడా తెలీని ముక్క. పొద్దుగూకినాక నేల చల్లబడి కింది గాలి పొర కదలకుండా కూర్చుంటుంది, వంద మీటర్ల పైన గాలి మాత్రం తన దోవన తాను పోతా ఉంటుంది. కాబట్టి పైన మోత తగ్గదు, కింద దాన్ని కప్పే మోత ఉండదు. ఫ్రిట్స్ వాన్ డెన్ బెర్గ్ అనే డచ్ ఆయన జర్మనీ సరిహద్దు పక్కన ఒక విండ్ పార్క్ దగ్గర రాత్రుళ్ళు కొలిచి 2004లో ఇదే రాసినాడు, కింద గాలిని చూసి పైన ఎంత ఉంటుందో అంచనా వేసే లెక్క రాత్రిపూట తప్పిపోతుంది అని. మొదటి రోజు ఇదే స్లైడ్ మీద సగంమంది నిద్రపోయినారు. మిద్దె మీద ఒక్కడు పడుకోలేదు.

మంచి మీటర్ పెట్టి చూస్తే 42, 43 మధ్య ఆడతా ఉంది. నంబర్ చూస్తే పగటి కంటే పది తక్కువ. వినపడేది మాత్రం అదొక్కటే. ఫుస్... ఫుస్... అని, ఒక్కటే తూకంలో. ఒకడు ఫోన్ స్టాప్‌వాచ్ పెట్టి లెక్కేసినాడు, నిమిషానికి 39. పదమూడు చుట్లు, మూడు రెక్కలు, సరిపోయింది. వాడు కేక పెట్టినాడు సంతోషంతో, కింద కుక్కలు లేచినాయి.

సౌండు ఇట్ల లేచి పడడాన్ని ఆంప్లిట్యూడ్ మాడ్యులేషన్ అంటారు అని ట్రైనర్ చెప్పబోతా ఉంటే అవ్వ మెట్ల మీద కూర్చునే అనింది, "ఎవురో చేటలో చెరుగుతా ఉన్నట్ల ఉంటాది నాయనా. తెల్లార్లూ చెరుగుతానే ఉంటారు, చెరగడం అయిపోదు." ట్రైనర్ ఆగిపోయినాడు. ఆమె చెప్పింది మీటర్లో రాదు, ఎందుకంటే మీటర్ సగటు తీస్తుంది, లేచి పడే తూకాన్ని సాపు చేసేస్తుంది. ఎడతెగని ఒకే మోత అయితే చెవి అలవాటు పడుతుంది, ఇది మాత్రం ప్రతి ఒకటిన్నర సెకనుకీ వచ్చి తట్టిపోతుంది. అందుకే కాబోలు, ఒకే డెసిబెల్‌లో రోడ్డు సౌండ్ కంటే ఫ్యాన్ సౌండ్ జనాన్ని ఎక్కువ చికాకు పెడుతుందని స్వీడన్‌లో పెడర్సన్, పెర్సన్ వే అనే ఇద్దరు చేసి 2004లో అచ్చేసిన సర్వేలో తేలింది.

ఇంకో తమాషా. ఆ అమ్మాయి మేనమామ ఫ్యాన్‌కి భూమి ఇచ్చినాయన, ఆయన ఇల్లు ఇంకా దగ్గర. మామా మీకు ఎట్లుంటాది అంటే "నాకేం ఇనపడదప్పా, బాగా పడుకుంటా" అన్నాడు. పక్కింటాయనకి రూపాయి రాలేదు, బ్లేడ్లు మోసిన ట్రైలర్లు మాత్రం ఆయన గట్టు తొక్కి పోయినాయి. ఆయన మేము అడక్కముందే మొదలుపెట్టినాడు. పిల్లోళ్ళు ఇద్దరిలో ఎవరు అబద్ధం చెప్తున్నారు అని గుసగుసలు. ఇద్దరూ చెప్పట్లేదు. నెదర్లాండ్స్‌లో 2009లో వచ్చిన స్టడీలో కూడా ఇదే, ఫ్యాన్ల మీద ఆదాయం ఉన్నవాళ్ళు పెద్ద సౌండులో ఉండి కూడా చికాకు పడ్డది చాలా తక్కువ. మోత ఒకటే, అది ఎవరిదీ అన్నదాన్ని బట్టి చెవి మారుతుంది. ఇంజినీరింగ్ సిలబస్‌లో దీనికి ఫార్ములా లేదు కాబట్టి మనం చెప్పం.

మూడో రోజు నిద్ర కళ్ళతో క్లాసు. ఇక్కడ నాకు ఒక ట్రైనర్‌తో గొడవ అయింది. ఆయన ముందు కంపెనీల్లో పనిచేసి వచ్చినాయన, "అంతా మైండ్‌లోనే, ముందే భయపెడితే రోగం వచ్చినట్టు ఉంటుంది" అని ఒక స్లైడ్‌తో తేల్చేసినాడు. న్యూజిలాండ్‌లో ఫియోనా క్రైటన్ వాళ్ళు చేసిన ప్రయోగాలు నిజమే, భయపెట్టే వీడియో చూపించి ఇన్‌ఫ్రాసౌండ్ (చెవికి అందనంత కింది శ్రుతి మోత) పెడుతున్నాం అంటే, ఉత్త నిశ్శబ్దానికి కూడా జనం తలనొప్పి అన్నారు. ఇన్‌ఫ్రాసౌండ్‌తో జబ్బులు అనే వాట్సాప్ కథలకి అది మంచి జవాబు, ఒప్పుకుంటా. కానీ రాత్రి మేము విన్నది ఇన్‌ఫ్రాసౌండ్ కాదు కదా, చెవికి వినపడే సౌండు. కెనడా ఆరోగ్య శాఖ (హెల్త్ కెనడా) 1,238 మంది మీద చేసి 2014లో బయటపెట్టిన స్టడీ చూపించండి అని నేనే అడిగినా. అందులో జబ్బులతో, కొలిచిన నిద్రతో సంబంధం దొరకలేదు, కానీ డెసిబెల్ పెరిగే కొద్దీ చికాకు పెరగడం మాత్రం స్పష్టంగా దొరికింది. రెండు ముక్కలూ కలిపి చెప్పాల, ఒకటి చెప్పి ఒకటి మింగేస్తే ఎట్ల? ఆయన తర్వాత ఒప్పుకున్నాడులెండి, టీ తాగినాం కలిసి.

డబ్ల్యూహెచ్‌ఓ నంబర్ విషయంలో కూడా అట్లనే సగం చెప్పినారు. 2018లో యూరప్ కోసం ఫ్యాన్ల సౌండుకి 45 అని ఇచ్చినారు, మన రాత్రి లిమిట్ కూడా 45, రెండూ ఒకటే అని స్లైడ్. ఒకటి కాదు. వాళ్ళది ఎల్‌డెన్, సాయంత్రం సౌండుకి 5, రాత్రి సౌండుకి 10 అదనంగా కలిపి రోజంతటికీ ఏడాది మీద తీసే సగటు. రోజంతా ఒకే మోత ఉంటే ఆ 45 కింద ఉండాలంటే అసలు సౌండు 38, 39 దాటకూడదు. మా మిద్దె మీద 43 వచ్చింది, మన రూల్‌లో పాస్, ఆ మోత రోజంతా ఉంటే అక్కడ ఫెయిల్. దీన్ని పట్టుకున్నది ట్రైనర్ కాదు, మా ఫైనలియర్ పిల్లోడు, వాడికి నేను ఓళిగలు పెట్టిస్తా అన్నా, ఇంకా బాకీ.

గ్రామసభ ఆట బాగుంది. చీటీలు తీస్తే ఒకరు సర్పంచ్, ఒకరు భూమి ఇచ్చిన రైతు, ఒకరు ఇవ్వని రైతు, ఒకరు బాలింత, ఒకరు కంపెనీ ఆఫీసర్. ఆ మాట్లాడని అమ్మాయికి కంపెనీ ఆఫీసర్ చీటీ వచ్చింది. గంటసేపు ఆడించింది అందర్నీ, ఏ ప్రశ్న వస్తుందో దానికి ముందే తెలుసు, ఆఫీసర్లు ఎట్ల తప్పించుకుంటారో కూడా తెలుసు, "మీ అర్జీ పైకి పంపినాం అవ్వా" అని ఒక డైలాగ్ చెప్పింది చూడండి, నవ్వలేక చచ్చినాం. చివర్లో లా చెప్పిన మేడమ్ ఒక మాటతో గాలి తీసేసింది, 2006 ఈఐఏ (ప్రాజెక్టుతో పర్యావరణానికి ఏమవుతుందో ముందే చూడాలనే రూల్) నోటిఫికేషన్ షెడ్యూల్లో విండ్ ప్రాజెక్టులే లేవు, కాబట్టి ఆ దారిలో పబ్లిక్ హియరింగ్ పెట్టాల్సిన పనే లేదు. అంటే మేము గంటసేపు ఆడింది చట్టం అడగని సభ.

ఇంత చేసి, సౌండు తగ్గించడం ఎట్లా అనేదానికి అరగంట కూడా ఇవ్వలేదు, బస్సు టైమ్ అయిపోయింది అని స్లైడ్లు తోసేసినారు. రెక్క వెనక అంచుకి గుడ్లగూబ ఈక లాంటి పళ్ళు తగిలిస్తారు, రాత్రిపూట స్పీడు తగ్గించి తిప్పే మోడ్ ఉంటుంది, సౌండు రెక్క కొన స్పీడుకి దాదాపు ఐదో ఘాతంలో పెరుగుతుంది కాబట్టి స్పీడు 10 శాతం తగ్గిస్తే 2 డెసిబెల్ పైన తగ్గుతుంది, కరెంటు కాస్త పోతుంది. ఇంజినీరింగ్ పిల్లోళ్ళకి అసలు కావాల్సింది ఇదే కదా. దీనికి 1 మార్కు కట్. పరికరాలకి అర.

సర్టిఫికెట్లు ఆరు వారాలకి వచ్చినాయి, ఇద్దరి పేర్లు తప్పు. ఊరికి పంపిస్తామన్న రిపోర్టు ఇంకా పోలేదు, అడిగితే డిజైనింగ్‌లో ఉంది అంటారు. అందుకని మా పిల్లోళ్ళే తెలుగులో ఒక పేజీ రాసి, పోయిన శనివారం ఆ అమ్మాయి చేతే అవ్వకి చదివించినారంట. 43, 45 అన్నీ విని ఆమె అడిగింది, "రాత్రిపూట రోంత నిదానంగా తిప్పితే వాళ్ళకేం పోతాది?" అని. ఎన్ని యూనిట్లు పోతాయో ఇప్పుడు ఆ అమ్మాయి ఫైనలియర్ ప్రాజెక్టులో లెక్క గడతా ఉంది, గైడ్ నేనే, గాలి డేటా కోసం తిరుగుతున్నాం.

బుక్ చేసేవాళ్ళకి: గాలి ఉండే నెలల్లోనే పొండి, జూన్ నుంచి సెప్టెంబర్ లోపల. స్పాంజి బంతులు, బ్యాటరీలు మీవి మీరు తీసుకుపోండి. మిద్దె మీదకి దుప్పటి, ఓడోమాస్.